ఇమ్రోజ్ అంటే ఈ రోజు

సెప్టెంబర్ 17 వచ్చిందంటే పాతబస్తీ హోటళ్లలో చాయ్ చల్లారిపోతుంది. మాట వేడెక్కితే కప్పు సంగతి ఎవరికి గుర్తుంటుంది? పోయినేడు ఆ పొద్దున మదీనా చౌరస్తా దగ్గర ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గర నలుగురు పెద్దవాళ్లు, మధ్యలో రెండు ఉర్దూ పేపర్లు, ఒక తెలుగు పేపరు. తెలుగు పేపరున్నాయన విమోచనం అన్నాడు. ఎదుటాయన ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి పట్టుకునే, "ఎవరికి భాయ్ విమోచనం? విలీనం అనుండ్రి" అన్నాడు. జవాబు కోసం ఎదురుచూస్తుండగా నానిన బిస్కెట్ తెగి కప్పులో పడిపోయింది. ఆయన చూసుకోలేదు. మూడో ఆయన సమైక్యత అన్నాడు. నాలుగో ఆయన ఏమీ అనకుండా పేపర్ పేజీ తిప్పాడు. ఆ మౌనానికి కూడా ఈ ఊళ్లో ఒక పేరుంది గానీ, దాన్ని పైకి అనరు.

నిజాం సంస్థానం ఇండియాలో కలిసిన ఆ ఒక్క తారీఖుకు ఇన్ని పేర్లున్న ఊరు మరొకటి నేనెరగను. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది. అదే రోజు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం జరిపింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో దాన్నే ప్రజాపాలన దినోత్సవం చేసింది. పేర్లు మారినా జెండా ఎగరేసే కర్ర ఒకటే.

ఆ నలుగురి మాటల్లోకి నిజాం వచ్చాడు, పటేల్ వచ్చాడు, ఖాసిం రజ్వీ వచ్చాడు, చివర్లో రావి నారాయణరెడ్డి కూడా వచ్చాడు. ఒక మనిషి మాత్రం రాలేదు. ఆ పొద్దున వీళ్లు చేస్తున్న పనే, అంటే నాటి వార్త చదివి దాని మీద తన మనసులో మాట చెప్పడమే, ఆ మనిషి అచ్చులో చేశాడు. అందుకు ఆయన్ను చంపేశారు.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబర్ 17న అప్పటి వరంగల్ జిల్లాలోని శుభ్రవీడులో పుట్టాడు. తండ్రి హబీబుల్లా ఖాన్‌ది రైల్వే పోలీసు ఉద్యోగం. గాంధీ రైల్లో మానుకోట స్టేషన్ మీదుగా వెళ్తుంటే తండ్రి చూశాడనీ, కొడుకు పుట్టింది కూడా అప్పుడేననీ, అందుకే ఇంట్లో షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేవారనీ ఒక కథ చెప్పుకుంటారు. మనిషి పోయాక ఇలాంటి కథలకు బలం ఎక్కువవుతుంది. తారీఖులు సరిచూసే పని నేను పెట్టుకోను. ఎందుకంటే పిల్లవాడు పెద్దయ్యాక ఖద్దరు కట్టాడు, ఆ పిలుపును మోశాడు. అది చాలు.

ఉస్మానియాలో డిగ్రీ చదివాడు. ఆ రోజుల్లో ఉస్మానియా పట్టా, అందులోనూ మంచి ఉర్దూ ఉన్న ముస్లిం యువకుడికి సర్కారు కొలువు ఇంటికి నడిచొచ్చేది. కుర్చీ, బంట్రోతు, నెలకింత జీతం, ముసలితనంలో వజీఫా. ఆయన వెళ్లి 'తేజ్' అనే పత్రికలో చేరాడు. సర్కారు దాన్ని మూయించింది. మందుముల నరసింగరావు నడిపే 'రయ్యత్'లో చేరాడు. 1927 నుంచి ఒడిదుడుకులతో నడిచిన ఆ పత్రికనూ మూయించారు. రెండు కొలువులు పోయినవాడు మూడోసారైనా బుద్ధి తెచ్చుకోవాలి. ఆయన సొంత పత్రిక పెట్టాడు. బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్లు వెనక నిలబడ్డారు. 1947 నవంబర్ 15న కాచిగూడ నుంచి మొదటి సంచిక వచ్చింది. పత్రిక పేరు ఇమ్రోజ్. ఫారసీ మాట, ఉర్దూలో కలిసిపోయింది. అంటే ఈ రోజు.

ఆ పేరు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. 1947 నవంబర్ నాటికి హైదరాబాద్‌లో ఈ రోజు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నిజాం ఉండే కింగ్‌కోఠీ నిన్నటిలో బతుకుతోంది. ఆసఫ్‌జాహీల రెండు వందల ఏళ్ల దర్జా, బ్రిటిష్ వాళ్లతో చేసుకున్న పాత ఒడంబడికలు, పోయిన మొగలాయీ వైభవానికి మిగిలిన వారసత్వం. రజాకార్ల అడ్డా దారుస్సలాం రేపటిలో బతుకుతోంది. ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ మైకుల్లో అరుస్తున్నాడు. ఈ నిన్నకూ ఆ రేపుకూ మధ్య కూర్చుని ఇరవై ఏడేళ్ల కుర్రాడొకడు రోజూ పొద్దున, ఇదిగో ఈ రోజు ఇలా ఉంది అని రాయడం మొదలుపెట్టాడు. ఇండియాను కాదని ఈ సంస్థానం బతకదు, కలవడమే మేలు. ఆయన సంపాదకీయాల సారం ఇంతే. తెలుగులో అంటే అది పాత మాట. ఉర్దూలో అన్నాడు, అదీ తంటా.

తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక 1926 నుంచి ఉంది. దాని రాతలు సర్కారుకు కంటగింపే. కానీ దర్బారు భాష ఉర్దూ. కచేరీ, కోర్టు, కాలేజీ, పోలీస్‌ఠాణా అన్నీ ఉర్దూలో నడిచేవి. తెలుగులో రాసింది సర్కారుకు చేరాలంటే ఎవరో ఒకరు తర్జుమా చేసి ఫైల్లో పెట్టాలి. ఇమ్రోజ్‌కు ఆ మధ్యవర్తి అక్కర్లేదు. దీవాన్ దేవిడీలో హుక్కా పక్కన, పత్తర్‌గట్టీ దుకాణంలో గల్లాపెట్టె మీద, దారుల్‌షిఫాలో వజీఫాదారు ఇంటి వరండాలో దాన్ని నేరుగా చదివేవారు. పైగా కింద సంతకం షోయబుల్లా ఖాన్‌ది. ఫలానా కాంగ్రెసు హిందువు రాశాడని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

నవంబర్ 29న యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది పాటు ఎవరూ ఎవరినీ కదపకూడదని కాగితం మీద రాసుకున్నారు. కొద్ది రోజులకే మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. ఆయన చదువుకున్నవాడు, ఇంజినీరు, కార్ఖానాలు నడిపినవాడు, మెత్తగా మాట్లాడతాడు. పగలు ఆయన మంత్రివర్గం హుకుములు రాసేది. పొద్దు గూకాక ఊళ్ల మీదికి రజ్వీ సాయుధ దళం, రజాకార్లు, వెళ్లేవారు. 1948 జనవరి 29న ఇమ్రోజ్‌లో వచ్చిన సంపాదకీయం దీని గురించే. పగటి సర్కారు, రాత్రి సర్కారు. శీర్షిక చదివితే లోపలున్నది చదవక్కర్లేదు. ఊళ్లలో జనం అనుభవిస్తున్నదాన్ని ఆయన నాలుగు మాటల్లో పెట్టాడు. మర్నాడు సాయంత్రం ఢిల్లీలో గాంధీని కాల్చి చంపారు. హైదరాబాద్‌లో ఆయన పేరుతో ముద్దుపేరున్న కుర్రాడు ఆ రాత్రి ఏ మాటలు వెతుక్కున్నాడో.

బెదిరింపులు వచ్చాయి. స్నేహితులు కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లి ఉండమన్నారు. వెళ్లలేదు.

ఎండాకాలం నాటికి ఊపిరి బిగిసింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు కరాచీ నుంచి విమానాల్లో రాత్రిపూట ఆయుధాలు దింపుతున్నాడు. జూన్‌లో మౌంట్‌బాటెన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, బేరాలు అక్కడితో ఆగిపోయాయి. ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. మంజూర్ యార్ జంగ్, బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా అందులో ఉన్నారు. సర్కారు కొలువుల్లో తల పండినవాళ్లు, కొలువు వదులుకుని వచ్చినవాళ్లు. రజాకార్లను కట్టిపెట్టండి, ఇండియాలో చేరండి అన్నారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చువేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనవైపు షోయబుల్లాను తలుచుకునేటప్పుడు, ముస్లిం అయి ఉండి కూడా అని మొదలుపెడతాం. ఆ 'కూడా' నాకు నచ్చదు. ఒక మతం వాళ్లను నిలదియ్యడానికి ఆయన్ను సాక్షిగా బోనెక్కిస్తున్నామన్నమాట. ఆయన రాసింది సర్కారు మీద, సర్కారు చాటున పెరిగిన గూండాయిజం మీద. ఆ ఏడుగురు కూడా, ఇది మా ఇల్లు, తగలబడుతోంది అన్నారు అంతే. ఇల్లు తగలబడుతోందని కేకవేసినవాడు పక్కింటివాడికి చుట్టం అవడు.

ఆగస్టు 19న జమ్రుద్ మహల్ టాకీసులో సభ. రజ్వీ మాట్లాడాడు. ముసల్మానుల ఐక్యత మీదికి లేచే చెయ్యి తెగిపడుతుందని చెప్పాడు. సభల్లో అలాంటి మాటలు రోజూ అనేవాడే. వినేవాళ్లు అలంకారం అనుకునేవారు. ఈసారి విన్నవాళ్లలో కొందరు దాన్ని అలంకారంగా తీసుకోలేదు.

ఆగస్టు 21 శనివారం. ఆ రోజు హైదరాబాద్‌లో రెండు పనులు జరిగాయి. ఒకటి, నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అధ్యక్షుడికి తంతి పంపింది. పెద్ద దేశం మమ్మల్ని బెదిరిస్తోంది, దిగ్బంధం చేస్తోంది, ప్రపంచమా న్యాయం చెయ్యి అని దాని సారాంశం. చిన్నవాడిని పెద్దవాడు బలంతో నొక్కకూడదన్న ధర్మం నిజమే. ఆ తంతి రాసినవాళ్లకు అంతర్జాతీయ న్యాయం బాగా తెలుసు.

రెండోది, ఆ రాత్రి ఇమ్రోజ్ ఆఫీసులో మర్నాటి పత్రిక పని ముగిసింది. సంపాదకుడు, ఆయన బావమరిది ఇస్మాయిల్ ఖాన్ ఇంటికి నడిచారు. కాచిగూడ, చప్పల్ బజార్ దారి. అర్ధరాత్రి దాటింది. వెనక నుంచి ఎవరో పిలిచారని, ఆయన తిరిగి చూశాడని అంటారు. తుపాకీ పేలింది. పడిపోయినవాడి చెయ్యి కత్తితో నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చెయ్యి కూడా నరికారు. ప్రాణం తియ్యడానికి తూటా చాలు. కత్తి ఆయన కోసం కాదు, పొద్దున్నే లేచి కలం పట్టబోయే మిగతావాళ్ల కోసం.

ఇంటికి తెచ్చారు. తల్లీ తండ్రీ చూశారు, భార్య చూసింది. తెల్లవారేలోపు పోయాడు. ఇరవై ఎనిమిది నిండడానికి ఇంకా రెండు నెలలు. గోషామహల్ మాలకుంట దగ్గర మట్టి చేశారు. ఈ రోజు అనే పేరుతో పుట్టిన పత్రికకు తొమ్మిది నెలల ఒక వారం ఆయుష్షు పట్టింది.

చిన్నవాడి గొంతు నొక్కుతున్నారని ప్రపంచానికి తంతి కొట్టిన రోజునే ఆ సర్కారు నీడలో ఈ గొంతు తెగింది. రెండింటికీ తారీఖు ఒకటే. భద్రతామండలి కూర్చున్న పారిస్ దాకా నడిచిన ఫైల్లో మొదటిదే ఉంది.

తర్వాతి లెక్క చిన్నది. ఆయన పోయిన అయిదో రోజు, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి బురుజు మీద రజాకార్లు, పోలీసులు విరుచుకుపడ్డారు. ఊరి మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. దాని మీద ఇమ్రోజ్‌లో రాయడానికి ఆయన లేడు. సెప్టెంబర్ 11న కరాచీలో జిన్నా పోయాడు. 13 తెల్లవారుజామున షోలాపూర్ వైపు నుంచి భారత సైన్యం దాటింది. 16న పారిస్‌లో భద్రతామండలి హైదరాబాద్ ఫిర్యాదు చేతిలోకి తీసుకునేసరికి సైన్యం రాజధాని దరిదాపుల్లో ఉంది. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది, సాయంత్రానికి రేడియోలో నిజాం గొంతు వినబడింది. మర్నాడు జనరల్ ఎల్ ఎద్రూస్ తన సైన్యాన్ని జె.ఎన్. చౌదరికి అప్పజెప్పాడు. 22న నిజాం పారిస్‌కు తంతి కొట్టి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. రెండు వందల ఏళ్ల సల్తనత్ అయిదు రోజుల్లో కూలింది.

షోయబుల్లా చెప్పినదే జరిగింది. ఆయన పోయిన ఇరవై ఆరు రోజులకు.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుంటుంది, పండుగ ఉపన్యాసాల్లో ఇక్కడే ముగిస్తారు కూడా. నాకు మాత్రం అసలు నష్టం ఇక్కడ నుంచే మొదలైందనిపిస్తుంది. సైన్యం వచ్చాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ముస్లింల మీద పడ్డాయి. రజాకారు చేసినదానికి రజాకారు కానివాడు చచ్చాడు. దర్జీ, పింజారీ, పోలీస్ పటేలు ఇంటి ఆడవాళ్లు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ శీతాకాలంలో తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఆ నివేదిక బీరువాలోకి వెళ్లిపోయింది. మామూలు మనిషి చేతికి అందింది 2013లో. అరవై అయిదేళ్లు.

1948 అక్టోబర్‌లో ఆ మాట రాయగల మనిషి ఒకడుండాలి. రజాకార్లను నిలదీసినవాడు, అందుకని రజాకారు అన్న ముద్ర ఎవరూ వెయ్యలేనివాడు, ఉర్దూ వాకిళ్లలోనూ కాంగ్రెసు వాకిళ్లలోనూ చెప్పులు విడిచి లోపలికి వెళ్లగలిగినవాడు. ఈ రోజు ఇలా ఉంది అని రెండో ప్రభుత్వం ముఖం మీద కూడా చెప్పేవాడు. అలాంటివాడు ఈ ఊరికి ఉండేవాడు. ఆగస్టులోనే మాలకుంటకు పంపించాం. చెప్పి ఉండేవాడని నీకేం తెలుసు అంటారా? తెలియదు. రెండు పత్రికలు మూతపడ్డా మూడోది పెట్టినవాడు నాలుగోదానికి వెనకాడతాడని మాత్రం అనుకోను.

మిగతావాళ్లకు ఎవరికి దక్కేది వాళ్లకు దక్కింది. నిజాం రాజ్‌ప్రముఖ్ అయి 1956 దాకా ఉన్నాడు. లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు, హైదరాబాద్ విషాదం పేరు మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాసుకున్నాడు. కూలిపోయినవాడికి తన కూలడం గురించి రాసుకునే తీరిక దొరకడం కూడా ఒక భాగ్యమే. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి కరాచీ దారి పట్టాడు, 1970లో అక్కడే పోయాడు. చంపినవాడి పేరు ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. సినిమాల్లో చూస్తారు, ఎన్నికలప్పుడు మైకుల్లో వింటారు. చనిపోయినవాడి పేరు అడిగితే కాసేపు ఆలోచిస్తారు.

ఇప్పుడు అందరికీ అభిప్రాయాలున్నాయి. చాయ్ తాగేలోపు గాజా మీద, ట్రంప్ మీద, కార్పొరేటర్ మీద తలా ఒక మాట ఫోన్లోంచి ఊళ్లోకి వదులుతాం, మర్నాటికి మరిచిపోతాం. ఖరీదు లేదు కాబట్టి విలువ కూడా లేదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. అంతలో కలం పట్టిన ఇద్దరి పేర్లు గుర్తొస్తాయి. బెంగళూరులో 2017 సెప్టెంబర్ 5 రాత్రి ఇంటి గుమ్మం ముందు పడిపోయిన గౌరీ లంకేశ్. మరుసటి ఏడు అక్టోబర్‌లో పెళ్లి కాగితాల కోసం ఇస్తాంబుల్ సౌదీ కాన్సులేట్ లోపలికి వెళ్లి, శవమై కూడా బయటికి రాని ఖషోగ్గీ. ఖరీదు ఏమీ తగ్గలేదు. బిల్లు అందరికీ రాదు, అంతే.

ఆ రోజు హోటల్ నుంచి లేచి ఛత్తాబజార్ వైపు నడిచాను. ఒకప్పుడు ఆ గల్లీ అంతా కాతిబులు. ఉర్దూ పత్రిక అంటే అప్పట్లో చేత్తో రాసిన పత్రిక. సంపాదకుడు రాసింది కాతిబు పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో నస్తాలిఖ్‌లో అందంగా దించేవాడు, దాన్ని రాయి మీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. అంటే ప్రతి సంపాదకీయం వెనకా రెండు చేతులు ఉండేవి, ఒకటి ఆలోచించింది, ఒకటి రాసింది. కంప్యూటర్లో ఉర్దూ వచ్చాక రెండో చేతికి పనిపోయింది. ఇప్పుడక్కడ పెండ్లి కార్డులు, రబ్బరు స్టాంపులు, ఫ్లెక్సీలు.

ఒక మెట్ల కింది దుకాణంలో పెద్దాయన ఒకరు కనబడ్డారు. కళ్లజోడు దారంతో కట్టుకున్నారు. ముందర కార్డుల కట్టలు, పక్కన స్టీలు డబ్బాలో కలాలు.

"చాచా, ఒక మాట రాసిస్తరా?" అన్నాను.

"పెండ్లిదా, దుకాణందా?"

"అఖ్బార్ పేరు. ఇమ్రోజ్."

ఆయన తలెత్తి చూశారు. "ఎవరు పెడుతున్నరు?"

"ఇప్పుడు కాదు చాచా. ఎన్కట పెట్టిండ్రు. బందయింది."

ఎప్పుడు అని అడగలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. వెదురు కలం సిరా బుడ్డిలోని నూలుపోగు మీద అద్ది, ముందు పక్క కాగితం మీద ఒక గీత గీసి చూసుకున్నారు. అయిదు అక్షరాలు. అలీఫ్ ఒంటరిగా నిలబడింది. మీమ్, రే చెయ్యి చెయ్యి పట్టుకున్నట్టు కలిసి కిందికి జారాయి. వావ్ ముడుచుకుంది. చివర జే, దాని వంపును ఊపిరి బిగబట్టి లాగారు. జే మీద చుక్క పెట్టకపోతే అది రే అయిపోతుంది, మాటకు అర్థం ఉండదు. ఆ చుక్క అన్నిటికంటే చివర పెడతారు. కలం అంచును వాలుగా ఆనించి, ఒక్క నొక్కు నొక్కి ఎత్తారు. చిన్న నల్లటి పలక పడింది.

డబ్బులు ఇవ్వబోతే ఒక కార్డు ఆర్డరిచ్చినప్పుడు చూద్దాంలే అన్నారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాను.

"అరె బేటా, మడవకు. సియాహీ ఇంకా పచ్చిగున్నది."

రెండు చేతులతో కాగితాన్ని తెరిచి పట్టుకుని, స్కూటర్లను తప్పించుకుంటూ, నయాపూల్ దాకా అలాగే నడిచాను.